ఓడలు ఆగితే పొలానికి ఏమవుతుంది?

2024 రబీ అదునులో డీఏపీ దొరక్క సొసైటీల చుట్టూ తిరిగిన సంగతి మన రైతులు మరిచిపోలేదు. 2025 వానాకాలంలో యూరియా వంతు వచ్చింది. తెలంగాణ పల్లెల్లో తెల్లవారకముందే ఎరువుల కొట్ల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి, పక్కన చెట్టు నీడన కూర్చున్న ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ చూశాం. డీఏపీ కొరతకు కేంద్రం చెప్పిన కారణాల్లో ఒకటి ఎర్రసముద్రం. అక్కడ ఓడల మీద దాడులు జరుగుతున్నందున ఎరువుల ఓడలు ఆఫ్రికా కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రం చుట్టూ 6,500 కిలోమీటర్లు అదనంగా తిరిగి రావలసి వచ్చిందని ప్రకటించారు.

అదొక్కటే కారణమని మేము అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. ముందుగా కొని గోదాముల్లో నిల్వ పెట్టుకోని నిర్లక్ష్యాన్ని సముద్రం మీదికి తోసెయ్యడం పాలకులకు తేలిక. అయినా ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎక్కడో ఒక ఇరుకు జలమార్గంలో ఓడలు ఆగితే మన మండల కేంద్రంలో బస్తా దొరకదు. ఎర్రసముద్రంలో జరిగింది పూర్తి దిగ్బంధం కూడా కాదు, దారి మళ్లింపు మాత్రమే. మరి యుద్ధంలో ఒక దేశం తన నౌకాబలంతో ఇంకో దేశపు రేవులన్నీ మూసేస్తే ఏమవుతుంది? ముందు దెబ్బ ఎవరికి తగులుతుంది? ఆ దెబ్బను అక్కడి ప్రభుత్వం ఎవరి మీదికి నెడుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే వంద ఏళ్ల కిందటి జర్మనీ అనుభవాన్ని కాస్త నిదానంగా చూడాలి. రైతు కోణంలో చూస్తే అందులో మనకు పనికివచ్చేది చాలా ఉంది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి జర్మనీ తిండిలో సుమారు మూడోవంతు బయటి నుంచి వచ్చేది. తక్కినదంతా సొంత పొలాల్లో పండేదేనని అక్కడి పాలకులు ధీమాగా ఉన్నారు. రై ధాన్యం, బంగాళాదుంప, చక్కెరదుంప పుష్కలంగా పండేవి. పందుల మంద రెండున్నర కోట్లు. అయితే ఆ పంట దేని మీద పండుతోందో వాళ్లు లెక్క వేసుకోలేదు. నత్రజని ఎరువు దక్షిణ అమెరికాలోని చిలీ నుంచి ఓడల్లో వచ్చేది. ఏడారి నేలల్లో తవ్వి తీసిన నైట్రేటు అది. ఏటా ఏడు లక్షల టన్నులకు పైగా జర్మనీ ఒక్కటే కొనేది. భాస్వరపు రాయి అమెరికా నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చేది. పశువుల దాణాలో పెద్ద భాగం కూడా రేవుల్లోనే దిగేది. జర్మనీకి సొంతంగా ఉన్నది పొటాష్ ఒక్కటే. అది మాత్రం ప్రపంచానికంతా పంపగలిగినంత ఉండేది.

బ్రిటన్ 1914 నవంబరులో ఉత్తర సముద్రమంతా యుద్ధ ప్రాంతమని ప్రకటించింది. 1915 మార్చిలో జర్మనీకి వెళ్లే సరుకునూ, అక్కడి నుంచి వచ్చే సరుకునూ ఏదైనా సరే ఆపుతామని ఉత్తర్వు తెచ్చింది. తటస్థ దేశాల ఓడలను కూడా ఆపి సోదా చేశారు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. యుద్ధానికి ఐదేళ్ల ముందు, 1909లో, నౌకా యుద్ధ నియమాల మీద లండన్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. యుద్ధకాలంలో కూడా ఎన్నడూ నిషిద్ధ సరుకుగా ప్రకటించరాని వస్తువుల జాబితా ఒకటి అందులో ఉంది. ఆ జాబితాలో పత్తి ఉంది. పొలానికి వేసే ఎరువులు, నైట్రేట్లు, ఫాస్ఫేట్లు కూడా ఉన్నాయి! అంటే పొలం మీద యుద్ధం చేయకూడదన్న ఇంగితం ఆనాటి దొరలకూ కొంత ఉందన్నమాట. అయితే ఆ ఒప్పందాన్ని బ్రిటన్ చట్టసభ ఆమోదించలేదు. యుద్ధం వచ్చాక అది చిత్తుకాగితమైంది.

ఓడలు ఆగిన మర్నాడే ఎవరూ పస్తులు పడుకోలేదు. నౌకా దిగ్బంధం తుపానులా ఒక్కసారిగా వచ్చి పడదు. చెరువుకు నీరొచ్చే కాలువను మూసినట్టు ఉంటుంది. మొదటి ఏడు ఎవరికీ పెద్దగా తెలియదు, మూడో ఏటికి అడుగు కనిపిస్తుంది.

చిలీ నైట్రేటు ఆగిపోయింది. గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియా చేసే విద్య జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ కనిపెట్టాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు. 1913లోనే ఓపావ్‌లో మొదటి కర్మాగారం నడిచింది. మనం ఈ రోజు వాడే యూరియా పుట్టుక అక్కడే. కానీ యుద్ధంలో ఆ అమ్మోనియా పొలానికి రాలేదు. ఫిరంగి మందుగుండుకు కావలసింది కూడా నత్రజనే. ఫ్యాక్టరీ ఎంత తయారుచేస్తే అందులో సింహభాగం సైన్యం పట్టుకుపోయింది. పొలంలో పడే నత్రజని సగానికి పడిపోయింది. దున్నే గుర్రాలను సైన్యం తోలుకుపోయింది. పనిచేసే మగవాళ్లు కందకాల్లో ఉన్నారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, యుద్ధఖైదీలు కలిసి సేద్యం నడిపారు. ఒకవైపు సత్తువ తగ్గిన నేల, ఇంకోవైపు కరువైన పశువుల పేడ. యుద్ధం ముగిసేసరికి ధాన్యం దిగుబడులు బాగా కిందికి దిగజారాయి.

ఇంతవరకు చేసినది శత్రువు. ఇక సొంత ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ భాగమే.

ధరలు పెరుగుతున్నాయని పట్టణాల్లో గోల మొదలవగానే 1914 శరదృతువులోనే రొట్టె ధాన్యానికి గరిష్ఠ ధర కట్టారు. ఎరువుకు, పనిముట్లకు, కూలికి, బట్టకు పెరిగిన ఖర్చు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పైగా ధాన్యానికి ధర కట్టి, దాణాకు, మాంసానికి కట్టలేదు. రైతు ఏం చేస్తాడు? తక్కువ ధరకు ధాన్యం అమ్మి ఎక్కువ ధరకు దాణా కొనేకంటే ధాన్యాన్నే పందులకు వేశాడు. దాంతో పత్రికలు రైతును దొంగ అన్నాయి, దేశద్రోహి అన్నాయి. ఒక సరుకుకు ధర కట్టగానే రైతు దానికి దూరమై ఇంకో సరుకుకు మళ్లడం, వెంటనే ఆ సరుకుకూ ధర కట్టడం, ఇలా నాలుగేళ్లు నడిచింది. బంగాళాదుంప, వెన్న, పాలు, మాంసం అన్నీ ఒక్కొక్కటిగా ఈ వలలో పడ్డాయి. చిల్లర వ్యాపారి, దళారి లాభాలను పట్టుకోవడం చేతకాని ప్రభుత్వానికి పొలం గట్టున నిలబడ్డ రైతు సులువుగా దొరికాడు. ఈ కథ ఎక్కడో విన్నట్టు అనిపిస్తే అది పాఠకుల తప్పు కాదు.

తర్వాత పందుల సంగతి. మనుషులు తినే బంగాళాదుంపను పందులు తినేస్తున్నాయని కొందరు ఆచార్యులు లెక్కలు కట్టి చెప్పారు. ప్రభుత్వం సరేనంది. 1915 తొలి నెలల్లో సుమారు 90 లక్షల పందులను కోయించారు. మందలో మూడోవంతు పైమాట. కొన్నాళ్లు మాంసం మార్కెట్లో పోటెత్తింది. హడావుడిగా డబ్బాల్లో కూరిన మాంసం కొంత కుళ్లిపోయింది. ఆ పైన మాంసమూ లేదు, కొవ్వూ లేదు. అంతకంటే ముఖ్యంగా పొలానికి పేడ లేదు. నగరంలో కూర్చుని కాగితం మీద కూడికలు తీసివేతలు చేసినవాళ్లకు పంది అంటే తినే నోరు మాత్రమే. అది ఎరువు కూడానని పేడకుప్ప ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. వాళ్లను అడిగినవాళ్లు లేరు.

1916లో వానలు ఎక్కువై బంగాళాదుంపకు మాడుతెగులు వచ్చింది. మన రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే బోర్డో మిశ్రమం అప్పటికే అందరికీ తెలిసిన మందు. కానీ మైలుతుత్తానికి రాగి కావాలి. రాగి అంతా గుళ్ల తొడుగులకూ తీగలకూ పోయింది. పంట సగానికి పడిపోయింది. ఆ చలికాలంలో నగరాల జనం తిన్నది పశువులకు వేసే టర్నిప్ జాతి దుంప. రొట్టెలో అదే, కూరలో అదే, కాఫీ పొడికి బదులు కూడా అదే. 1916-17 శీతాకాలానికి జర్మన్లు ‘టర్నిప్ చలికాలం’ అని పేరు పెట్టుకున్నారు. రేషన్ మీద దొరికే తిండి మనిషికి రోజుకు వెయ్యి కేలరీల దగ్గరికి దిగజారిన రోజులు ఉన్నాయి. పనిచేసే మనిషికి కావలసిన దానిలో అది సగం కూడా కాదు.

అందరికీ ఒకేలా దిగజారలేదు. బ్లాకు మార్కెట్లో కొనగలిగిన ఇంట్లో వెన్న ఉంది. ఆయుధాల కర్మాగారాలు తమ కార్మికుల కోసం దొడ్డిదారిన సరుకు కొన్నాయి. వంటశాలల ముందు, దుకాణాల ముందు గంటల తరబడి నిలబడినది పేదింటి ఆడవాళ్లు. 1915 అక్టోబరులోనే బెర్లిన్‌లో వెన్న కోసం దుకాణాల మీద పడ్డారు. వారాంతాల్లో నగర జనం సంచులు పట్టుకుని రైళ్లెక్కి పల్లెలకు వచ్చేవారు. గడియారం ఇచ్చి బంగాళాదుంపలు, దుప్పటి ఇచ్చి గుడ్లు తీసుకుపోయేవారు. తిరుగు ప్రయాణంలో పోలీసులు సంచులు లాక్కునేవారు. పల్లెలో మాత్రం అధికారులు, సైనికులు వచ్చి గాదెలు తవ్వి చూసేవారు. పట్టణవాడి దృష్టిలో రైతు దాచుకున్న లోభి. రైతు దృష్టిలో పట్టణం తన గింజలను కారుచౌకగా పట్టుకుపోయే దొంగ. ఒకే ఆకలికి రెండు కొసల్లో ఉన్న ఇద్దరు పేదలు ఒకరినొకరు ద్వేషించుకున్నారు. యుద్ధం ముగిసినా ఆ విరోధం చల్లారలేదు. జర్మనీ తర్వాతి రాజకీయాల్లో అది విషమై పారింది.

మేము జర్మనీ ప్రభుత్వం తరఫున వకాల్తా తీసుకోవడం లేదు. బెల్జియం మీద పడి దాన్ని దోచినది ఆ ప్రభుత్వమే. జలాంతర్గాములతో బ్రిటన్‌కు వెళ్లే ఓడలను ముంచినదీ అదే. మా బాధ ఆకలితో పోయిన మామూలు జనం గురించి. 1918 డిసెంబరులో జర్మన్ ప్రభుత్వం దిగ్బంధం వల్ల 7,63,000 మంది పౌరులు చనిపోయారని లెక్క చెప్పింది. 1928లో వచ్చిన మరో లెక్క దాన్ని 4,24,000కు తగ్గించింది. చిన్న లెక్కనే తీసుకున్నా, వాళ్లలో ఎవరూ తుపాకీ పట్టినవాళ్లు కారు. ఎక్కువమంది నేరుగా ఆకలితో కాక, బక్కచిక్కిన ఒంటికి క్షయ, న్యుమోనియా లాంటివి సోకి పోయారు. అందుకే ఆ చావులకు ఎవరు బాధ్యులన్న వాదం ఇప్పటికీ తెగలేదు. ఓడలను ఆపినవాళ్లా, ఉన్న తిండిని సరిగా పంచని వాళ్లా? మా దృష్టిలో ఇద్దరూ. దిగ్బంధం లోటు తెచ్చింది, ఆ లోటును ఎవరి పళ్లెంలో వడ్డించాలో ప్రభుత్వం తేల్చింది.

1918 నవంబరు 11న కాల్పులు ఆగాయి. దిగ్బంధం ఆగలేదు! సంధి పత్రం మీద జర్మనీ చేత సంతకం పెట్టించేదాకా పట్టు వదలకూడదని గెలిచినవాళ్లు నిశ్చయించారు. తిండి ఓడలను రానివ్వడానికి 1919 మార్చిలో గాని ఒప్పందం కుదరలేదు. పూర్తిగా ఎత్తేసినది జూలైలో. యుద్ధం ముగిసిన ఎనిమిది నెలల తర్వాత అన్నమాట. ఆ వసంతంలో ఎగ్లంటైన్ జెబ్ అనే ఇంగ్లిషు మహిళ లండన్ ట్రఫాల్గర్ కూడలిలో ఆస్ట్రియాలో ఆకలితో చిక్కిపోయిన పిల్లల బొమ్మలున్న కరపత్రాలు పంచింది. అనుమతి లేకుండా పంచినందుకు అరెస్టు చేసి ఐదు పౌండ్ల జరిమానా వేశారు. ‘సేవ్ ద చిల్డ్రన్’ సంస్థ ఆమె పూనికతోనే ఆ ఏడే పుట్టింది. శత్రుదేశపు పిల్లల కోసం సొంత దేశంలో శిక్ష పడిన ఆమెను మన సంఘాలు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక దిగ్బంధం దెబ్బ దిగ్బంధంలో ఉన్న దేశానికే పరిమితం కాదు. సరుకు అమ్ముకునే వాడి పొలంలోనూ పడుతుంది. యుద్ధం మొదలైన కొద్ది వారాలకే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి కొనేవాడు లేక ధర సగానికి కూలింది. జర్మనీ పెద్ద కొనుగోలుదారు, ఆ తలుపు మూసుకుంది. అప్పులతో పత్తి వేసిన కౌలురైతులు, ముఖ్యంగా నల్లజాతి కౌలుదారులు, నలిగిపోయారు. 1915 ఆగస్టులో బ్రిటన్ పత్తిని నిషిద్ధ సరుకుగా ప్రకటించింది. అమెరికా కోపగించకుండా ఉండటానికి ధర పడిపోకుండా తాను కొంటానని లోపాయికారీగా ఒప్పుకుంది. దొరల పొత్తుకు ముప్పు వస్తే తప్ప పత్తి రైతు గుర్తురాలేదు.

మన వైపు కూడా ఆ అలలు తాకాయి. జర్మనీ నుంచి కృత్రిమ రంగులు రావడం ఆగేసరికి, చచ్చిపోయిందనుకున్న నీలిమందు సేద్యానికి కొన్నేళ్లు మళ్లీ గిరాకీ వచ్చింది. రంగుల ఓడలు తిరిగి నడవగానే ఆ గిరాకీ పోయింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు మీద గుళ్లు పేల్చి చమురు ట్యాంకులు తగలబెట్టింది. ఒక్క ఓడ బంగాళాఖాతంలో వారాల తరబడి వ్యాపారాన్ని బెదరగొట్టింది. యుద్ధం చివరి ఏటికి ఓడల కొరత, రైలు వ్యాగన్ల కొరత, వాన లేమి, వర్తకుల దాపరికం అన్నీ కలిసి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ ధరలు పేదవాడికి అందకుండా పోయాయి. 1918లో మద్రాసు నగరంలోనూ, రాజధాని జిల్లాల్లోనూ సంతల మీద, బియ్యం కొట్ల మీద జనం పడ్డారు. మన తాతముత్తాతలు చూసిన కాలం అది. వాళ్లకు ఉత్తర సముద్రం ఎక్కడుందో తెలియదు.

జర్మనీకి ఎదురుగా బ్రిటన్‌ను పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. బ్రిటన్ గోధుమలో ఐదింట నాలుగు వంతులు ఓడల్లోనే వచ్చేవి. 1917 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గాములు కనిపించిన ఓడనల్లా ముంచడం మొదలుపెట్టాయి. దశాబ్దాలుగా చౌక దిగుమతులతో సొంత రైతును ఎండగట్టిన ఆ దేశానికి అప్పుడు వణుకు పుట్టింది. ఆ ఏడే ధాన్యోత్పత్తి చట్టం తెచ్చారు. గోధుమకు, ఓట్స్‌కు ఆరేళ్లపాటు కనీస ధరకు చట్టబద్ధమైన హామీ ఇచ్చారు. అదే చట్టంలో వ్యవసాయ కూలీలకు వారానికి 25 షిల్లింగుల కనీస వేతనం పెట్టారు. రైతు ధర, కూలి వేతనం రెండూ ఒకే చట్టంలో! రైతుకు ధర పెంచితే కూలి నష్టపోతాడనీ, కూలి పెంచితే రైతు మునుగుతాడనీ చెప్పే మన పెద్దమనుషులు ఈ చట్టాన్ని ఒకసారి చదవాలి. పచ్చికబీళ్లు దున్నించారు, మహిళల సేద్యదళం పెట్టారు, విత్తనాలు, ట్రాక్టర్లు సమకూర్చారు. మిగతా కారణాలు ఎన్ని ఉన్నా, బ్రిటన్ టర్నిప్ చలికాలం చూడలేదు.

యుద్ధం ముగిసింది. ప్రపంచ మార్కెట్లో ధాన్యం ధర పడిపోయింది. హామీ నిలబెట్టాలంటే ఖజానా నుంచి సొమ్ము చెల్లించాలి. 1920లో ఆ హామీని కొనసాగిస్తామని, తీసెయ్యాలంటే నాలుగేళ్ల ముందు చెబుతామని ఇంకో చట్టం చేశారు. ఏడాది తిరగకుండా, 1921లో, ధరల హామీనీ కూలీల వేతన బోర్డులనూ కలిపి రద్దు చేశారు. గోధుమ ధర కుప్పకూలింది, వేతనాలు కూడా వెంట పడ్డాయి. అక్కడి రైతులు దాన్ని మహాద్రోహం అని పిలుచుకున్నారు.

ఈ పాత కథలు చాలు, ఇప్పటి సంగతికి వద్దాం. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక నల్లసముద్రపు రేవులు మూతపడ్డాయి. 2 కోట్ల టన్నుల పైచిలుకు ధాన్యం ఉక్రెయిన్ గోదాముల్లో ఇరుక్కుంది. ప్రపంచమంతా గోధుమ ధర ఆకాశానికి ఎగిరితే, ఉక్రెయిన్ రైతుకు కొనేవాడు లేక సగం ధర కూడా రాని రోజులు వచ్చాయి. తినేవాడికి కరువు, పండించినవాడికి నష్టం. 2022 జూలై 22న టర్కీ, ఐక్యరాజ్య సమితి మధ్యవర్తిత్వంతో ఒప్పందం కుదిరాక ఏడాదిలో సుమారు 3.3 కోట్ల టన్నుల ధాన్యం బయటికి వచ్చింది. 2023 జూలైలో రష్యా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది.

మనం కొనే పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ఒకప్పుడు కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పసుపుపచ్చగా విరిసిన పొద్దుతిరుగుడు చేలు చౌక దిగుమతి నూనె తాకిడికి కుంచించుకుపోయాయి. నల్లసముద్రంలో ఓడలు ఆగిన నెలలో వంటింట్లో నూనె ధర మండింది. ప్రభుత్వం ఏం చేసింది? మన చేలకు ప్రోత్సాహం ఇవ్వడం కంటే దిగుమతి సుంకం తగ్గించడం తేలిక అనుకుంది. 2022 మేలో ఏటా 20 లక్షల టన్నుల పొద్దుతిరుగుడు నూనె, మరో 20 లక్షల టన్నుల సోయా నూనె రెండేళ్లపాటు సుంకం లేకుండా రావచ్చంది. ధర పెరిగినప్పుడు సుంకం తగ్గించారు సరే, ప్రపంచ ధర పడిపోయినప్పుడు వెంటనే పెంచలేదు. ప్రభుత్వమే వెయ్యమని చెప్పిన ఆయిల్‌పామ్ రైతుకు టన్ను గెలలకు 2022 వేసవిలో 22 వేల రూపాయలు దాటిన ధర మరుసటి ఏడాదికి సుమారు 13 వేలకు జారింది. 2022 మే 13న గోధుమ ఎగుమతి ఆపారు. 2023 జూలైలో తెల్లబియ్యం ఎగుమతి ఆపారు. ఓడలు ఆగి ధర పెరిగినప్పుడు ఆ పెరుగుదల రైతు గడప తొక్కకుండా చూడటంలో మాత్రం 1914 నాటి బెర్లిన్‌కు మన ఢిల్లీ తీసిపోలేదు.

ఎగుమతి ఏమాత్రం ఆపకూడదని మేము అనడం లేదు. దేశంలో జనం తిన్నాకే బయటికి. కానీ ఆపిన రోజు రైతు పోగొట్టుకున్న ధరను ఎవరు పూడ్చాలి? ఆ ప్రశ్నకు మద్దతు ధర చట్టబద్ధమైతేనే జవాబు దొరుకుతుంది. ఓడలు ఆగినప్పుడు తప్ప బ్రిటన్‌కు రైతు గుర్తురాలేదు. మనకు ఆ హామీ ఓడలు నడుస్తున్నప్పుడే కావాలి, తర్వాత ఎవరూ ఏడాదిలో చింపెయ్యలేనంత గట్టిగా కావాలి.

తిండికి మనం ఎవరి ఓడల మీదా ఆధారపడటం లేదని గోదాముల్లో బియ్యం రాసులు చూపి గొప్ప చెప్పుకుంటున్నాం. 1914 నాటి జర్మనీ కూడా అదే అనుకుంది. మన పొటాష్ దాదాపు మొత్తం బయటి నుంచే వస్తుంది. డీఏపీలో సగానికి పైగా దిగుమతి, దేశంలో తయారయ్యే దానికి కూడా భాస్వరపు రాయో, ఫాస్ఫారిక్ ఆమ్లమో, అమ్మోనియానో ఓడ దిగాలి. యూరియా చాలావరకు ఇక్కడే చేస్తున్నాం, కానీ దాన్ని చేసే సహజవాయువులో పెద్ద వాటా ద్రవరూపంలో ఓడల్లో వస్తుంది. ఆ ఓడల్లో చాలా భాగం ఖతార్ నుంచి హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. రామగుండం ఫ్యాక్టరీ 1999లో మూతపడి 2021లో మళ్లీ తెరిచారు, సంతోషమే. గ్యాస్ ఆగితే ఆ ఫ్యాక్టరీ కూడా ఇనుప గుట్టే. ఇక అమ్మే వైపు చూస్తే, భీమవరం, నెల్లూరు చెరువుల్లో పెరిగిన రొయ్య ఎర్రసముద్రం దారి మూసుకున్నప్పుడు యూరప్ చేరడానికి రెండు వారాల దాకా ఎక్కువ పట్టింది. పెరిగిన కిరాయిని ఎగుమతిదారు ఎక్కడ మినహాయించుకుంటాడో రొయ్యల రైతుకు వేరే చెప్పాలా?

ఆకలిని యుద్ధాయుధంగా వాడకూడదన్న మాట ఇప్పుడు అంతర్జాతీయ చట్టంలో స్పష్టంగా ఉంది. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి అదనపు పత్రం పౌరులను ఆకలితో మాడ్చడాన్ని నిషేధించింది. పంటపొలాలు, పశువులు, తాగునీటి వసతులు, సాగునీటి నిర్మాణాలు నాశనం చెయ్యరాదని పేరుపేరునా చెప్పింది. 2018లో భద్రతా మండలి కూడా ఈ మేరకు తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి సుమారు ఆరు నెలల ముందు, 2017 నవంబరులో, సౌదీ కూటమి యెమెన్ రేవులన్నీ మూసింది. గోధుమల్లో పదింట తొమ్మిది వంతులు కొనుక్కు తినే దేశం అది. డీజిల్ దొరకక మోటార్లు ఆగి, ఉన్న కాస్త పంటా ఎండింది. చట్టాలు ఉన్నాయి గనుక నిశ్చింతగా ఉండలేం. అయినా ఏ దేశం రేవును ఏ దేశం మూసినా, మూసినవాడు మన మిత్రుడైనా సరే, ఎరువుల ఓడ, ధాన్యపు ఓడ, మందుల ఓడ దారికి అడ్డు రాకూడదని భారత ప్రభుత్వం గొంతెత్తి అనాలి. 1909 నాటి జాబితాలో ఎరువులకు ఉన్న చోటు తిరిగి రావాలి.

మన ఇంటి పని మన చేతిలో ఉంది. అదును మొదలయ్యే నాటికి ఆ సీజనుకు సరిపడే డీఏపీ, పొటాష్ జిల్లా గోదాముల్లో ఉండాలి, ఆ లెక్క ప్రతి సొసైటీ గోడ మీద రాసి పెట్టాలి. పిల్లిపెసర, జనుము, జీలుగ విత్తనం సబ్సిడీ మీద ఇస్తామన్న మాట కాగితం దాటి వానకు ముందే రైతు చేతికి అందాలి. ఇవి ఎరువు బస్తాకు పూర్తి బదులు కావు, అలా అని చెప్పి ఎవరినీ మోసం చెయ్యం. శ్రీలంకలో 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు నిషేధించి రైతులను ఏం చేశారో చూశాం. కానీ నేలలో కాస్త సత్తువ దాచుకున్న రైతు ఓడ నెల ఆలస్యమైతే తట్టుకుంటాడు. పశువులను వదిలించుకున్న ఊళ్లలో పేడ ఎక్కడిదని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి పాడి రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వడం తప్ప వేరే దారి మాకు కనిపించలేదు.

వచ్చే నెల మొదటి వారంలో మన మండల కమిటీలు తహసీల్దారు, వ్యవసాయాధికారి కార్యాలయాలకు వెళ్లి మూడు లెక్కలు రాతపూర్వకంగా అడగాలని సంఘం నిర్ణయించింది. మండలానికి ఈ సీజనులో కావలసిన ఎరువు ఎంత, ఈ రోజు గోదాములో ఉన్నది ఎంత, మిగతాది ఏ తేదీకి వస్తుంది. కౌలురైతులకు పాసుపుస్తకం లేదన్న సాకుతో బస్తా నిరాకరిస్తున్న కొట్ల వివరాలు కూడా ఆ వినతిపత్రంలో చేర్చండి. జవాబు వచ్చినా, రాకపోయినా మాకు పంపండి. అచ్చు వేస్తాం.